మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పేచీ రాకముందే రాసిపెట్టుకోవాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ కాలేజీలోనో, యూనివర్సిటీలోనో, మెడికల్ కాలేజీలోనో మైక్రోబయాలజీ రీసెర్చ్ ల్యాబ్ నడపబోతున్నవాళ్ల కోసం ఇది. ఇంక్యుబేటర్ ఏ కంపెనీది కొనాలన్న సంగతి ఇక్కడ ఉండదు. కల్చర్ (పెంచిన సూక్ష్మజీవులు) ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది, వేస్టు ఎవరు ఉడికిస్తారు, పేపర్ మీద ఎవరి పేరు ముందుంటుంది, ఊళ్లో నీళ్లు పట్టుకొచ్చాక ఆ ఊరికి ఏం చెబుతాం అన్నవే ఇక్కడి సంగతులు.

ల్యాబ్‌లో తప్పులు జరిగేది దుర్మార్గుల వల్ల తక్కువ, ముందు మాట్లాడుకోకపోవడం వల్ల ఎక్కువ. థీసిస్ గడువు నెలరోజులు ఉండగా, ఫెలోషిప్ డబ్బు ఆగిపోయి ఉండగా, మూడు ప్లేట్లలో ఒకటి తేడాగా వస్తే ఏం చేయాలో అప్పుడు ఆలోచిస్తే న్యాయంగా ఆలోచించలేం. ఏ తొందరా లేని రోజున కూర్చుని, ఒక్కో విషయానికి ఒక్కో పేజీ రాసి, అందరి సంతకాలు తీసుకుని తలుపు వెనక అంటించండి.

1. అనుమతులు: శాంపిల్ తేకముందే

ముందు మీ పని ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

మనుషుల రక్తం, మలం, కఫం, చీము, చివరికి నోట్లోంచి తీసిన స్వాబ్ అయినా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉండాలి, ఛైర్మన్ బయటి సంస్థ మనిషి అయి ఉండాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే కమిటీ ఉన్న మరో సంస్థతో ఒప్పందం రాసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. శాంపిళ్లు తెచ్చేశాక అనుమతికి పెట్టడం, పాత తేదీ వేయించుకోవడం మాత్రం కుదరదు. కుదురుతుందని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి.

జన్యుమార్పిడి పనికి సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. ప్రాక్టికల్స్‌లో ఈ.కోలైలోకి ప్లాస్మిడ్ ఎక్కించడం లాంటి చిన్న పని కూడా ఆ కమిటీకి తెలియాలి. మహేంద్రగిరి దిగువ మట్టిలోనో, మడ్డువలస రిజర్వాయర్‌లోనో దొరికిన బ్యాక్టీరియా కూడా 2002 జీవవైవిధ్య చట్టం కింద జీవవనరే. విదేశీ ల్యాబ్‌కు పంపాలన్నా, దాని మీద పేటెంటుకు వెళ్లాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చూసుకున్నాకే కదలాలి. విదేశంలో తెలిసిన ప్రొఫెసర్ ఉన్నారని కవర్లో వేసి కొరియర్ చేసేయడం సాయం కాదు, చట్టాన్ని మీరడం.

వేస్టుకు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఒప్పందం ఉండాలి. మనుషుల శాంపిళ్లు ముట్టుకునే ల్యాబ్‌కి ఇవి ఆసుపత్రులకే అనుకునే వీలు లేదు.

2. ఏ క్రిమి మీ గదిలో పెరగొచ్చు

మన జిల్లాల్లో చాలా ల్యాబ్‌లు రెండో స్థాయి బయోసేఫ్టీకి సరిపడేవే. సాల్మొనెల్లా, స్టెఫైలోకాకస్, విబ్రియో లాంటివి అక్కడ చేయొచ్చు. టీబీ అనుమానం ఉన్న కఫాన్ని మాత్రం కల్చర్ పెట్టకండి. గుర్తింపు ఉన్న టీబీ ల్యాబ్‌కి పంపేయండి. 'ఒక్క గొట్టమే కదా' అనిపించేది సరిగ్గా ఇక్కడే.

లామినార్ ఫ్లోకీ బయోసేఫ్టీ క్యాబినెట్‌కీ తేడా కొత్తవాళ్లకి మొదటి రోజే చూపించండి. అడ్డంగా గాలి వీచే లామినార్‌లో గాలి ప్లేటు మీదుగా మన ముఖం మీదికే వస్తుంది. అది కాపాడేది మీడియాని (క్రిములు పెరిగే ఆహారాన్ని), మనిషిని కాదు. రోగకారక క్రిమితో పని రెండో తరగతి క్యాబినెట్‌లోనే జరగాలి. దాని ముందు భాగంలో గాలి సెకనుకి సుమారు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి. ఏడాదికోసారి ఆ వేగం, ఫిల్టరు పరీక్ష చేయించి స్టిక్కర్ అంటించాలి. స్టిక్కర్ తేదీ దాటిపోతే ఆ క్యాబినెట్‌ని మామూలు బల్లగానే లెక్కేయండి. ల్యాబ్‌లో లామినార్ మాత్రమే ఉంటే నిరపాయమైన క్రిములతో చేసే ప్రాజెక్టులు ఎంచుకోండి. మంచి ప్రశ్నలు వాటిలోనూ బోలెడు ఉన్నాయి.

3. వేస్టు: ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే

2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కల్చర్లు, స్టాకులు, వాడేసిన ప్లేట్లు ల్యాబ్ గడప దాటకముందే అక్కడే ఉడకాలి. శుద్ధి కేంద్రం బండి వస్తుంది కదా అని ఉడకని ప్లేట్లు పసుపు సంచిలో వేసి ఇవ్వకూడదు. ఆ సంచిని మోసే మనిషికి అందులో ఏముందో తెలియదు. మామూలుగా ఏ వ్యర్థాన్నీ 48 గంటలకు మించి ఉంచకండి.

ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో ఉడికించే పాత్ర) నడిపే పద్ధతి ఇది:

వేడికి తట్టుకునే సంచిని మూడింట రెండొంతులే నింపండి. పైదాకా కుక్కితే మధ్యలోకి ఆవిరి పోదు. సంచిలో ఓ 100 మి.లీ. నీళ్లు పోయండి, మూతి వదులుగా మడవండి, బిగించి కట్టకండి. దాన్ని అంచులున్న స్టీలు బకెట్‌లో పెట్టండి. కరిగిన అగర్ కారి హీటర్ కాయిల్ మీద పడితే వారంలో అది కాలిపోతుంది, తర్వాత నెలంతా వేస్టు పేరుకుపోతుంది.

నిలువు ఆటోక్లేవ్ అయితే నీటి మట్టం చూసి, మూత బిగించి, ఆవిరి పోయే గొట్టం తెరిచి ఉంచండి. మొదట వచ్చేది గాలీ ఆవిరీ కలిసిన తుంపర. ఆవిరి తెరలు లేకుండా ధారగా ఐదు నుంచి పది నిమిషాలు వచ్చాకే వాల్వ్ మూయండి. లోపల గాలి మిగిలితే పీడనం ముల్లు 15 పౌండ్లు చూపించినా వేడి 121 డిగ్రీలకు చేరదు. సగం గాలి మిగిలితే 112 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముల్లు చూసి మోసపోయేది ఇందుకే.

మీడియాకి 15 నిమిషాలు చాలు, వేస్టుకి చాలవు. నిబంధనల ప్రకారం 121 డిగ్రీలు, 15 పౌండ్ల దగ్గర 60 నిమిషాలు ఉండాలి. మీడియా, వేస్టు ఒకే ట్రిప్పులో పెట్టకండి. పీడనం సున్నాకి దిగాకే మూత తీయండి.

బ్లీచింగ్ నీళ్లలో నానిన పిపెట్లు, దూది ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రసాయనంలో ముంచితే ఆవిరి వద్దు, ఆవిరిలో పెడితే రసాయనం వద్దు.

సంచి మీద అంటించే ఆటోక్లేవ్ టేపు చారలు నల్లబడ్డాయంటే పైన వేడి తగిలిందనే. లోపలి క్రిములు చచ్చాయో లేదో అది చెప్పదు. అందుకని వారానికోసారి వేడికి తేలిగ్గా చావని జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్ల (నిద్రాణ బీజాల) స్ట్రిప్పుని నిండు సంచి నడిమధ్యలో పెట్టండి, అంచున కాదు. ఉడికించని ఒక స్ట్రిప్పు కంట్రోల్‌గా ఉండాలి. రెండూ 55 నుంచి 60 డిగ్రీల దగ్గర పెంచాక కంట్రోల్ పెరిగి, ఉడికినది పెరగకపోతేనే ఆటోక్లేవ్ పనిచేసినట్టు. కంట్రోల్ కూడా పెరగకపోతే స్ట్రిప్పే పాడైంది, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. ఉడికినది పెరిగిందా, ల్యాబ్‌లో ఉన్న సంచులన్నీ ఆపి మళ్లీ ఉడికించండి. రిజిస్టర్లో తేదీ, ట్రిప్పు నంబరు, చేరిన వేడి, సమయం, టేపు ముక్క, చేసినవారి సంతకం ఉండాలి. రికార్డులు ఐదేళ్లు దాచాలి. నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో ముప్ఫై వరసలు నింపిన రిజిస్టర్‌ని ఏ ఇన్‌స్పెక్టరైనా దూరంనుంచే పట్టేస్తాడు.

ఒలికితే: గది బయటికి వచ్చి తలుపు మూసి అరగంట ఆగండి, తుంపర దిగాలి. తర్వాత గ్లౌజులు, మాస్కుతో వెళ్లి, పాత న్యూస్‌పేపర్ కప్పి, అంచుల నుంచి మధ్యకి 1 శాతం హైపోక్లోరైట్ పోసి కనీసం 20 నిమిషాలు వదలండి. మార్కెట్లో దొరికేది 5 శాతం ద్రావణమైతే ఒక పాలు దానికి నాలుగు పాళ్ల నీళ్లు కలపాలి. ఇది రోజూ కొత్తగా కలపాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టిన సీసా వేసవిలో త్వరగా బలం పోగొట్టుకుంటుంది.

4. ముందు అటెండర్, తర్వాత ప్రొఫెసర్

ల్యాబ్‌లో ప్రమాదానికి ఎక్కువ ఎదురయ్యేది ప్లేట్లు కడిగే మనిషి. తక్కువ జీతం, తక్కువ శిక్షణ, పగిలిన గాజు ముందు తగిలేది అతని చేతికే. పేరు తెలియని బ్యాక్టీరియాతో పని చేసేవాళ్లకి తెల్ల కోటు, కడిగేవాళ్లకి చిరిగిన గ్లౌజు ఇచ్చే ల్యాబ్ ఎంత పెద్ద జర్నల్లో ప్రచురించినా దానికి గౌరవం లేదు. కాబట్టి:

గ్లౌజులు, కళ్లద్దాలు, మూసి ఉన్న చెప్పులు అందరికీ ఒకే రకం కొనండి.

మనిషి రక్తం, శాంపిళ్లు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ, స్వీపరమ్మతో సహా, హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు సంస్థ ఖర్చుతో వేయించండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. టైఫాయిడ్ క్రిములతో పని ఉంటే దాని టీకా కూడా.

రక్తం గొట్టం పగిలి గుచ్చుకున్నా, సూది దిగినా సబ్బుతో కడిగి, వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల్లోపు, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో, రాత్రయితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది తలుపు మీద తెలుగులో రాసి ఉండాలి. చెప్పినందుకు తిట్టే ల్యాబ్‌లో తర్వాతి గాయం గురించి ఎవరూ చెప్పరు.

గర్భిణి అయిన విద్యార్థి ఆ మాట మీకు చెప్పడానికి భయపడకూడదు. లిస్టీరియా, ఇథిడియం బ్రోమైడ్ లాంటి పనులు వేరొకరికి మార్చి, ఆమె పేపర్‌లో ఆమె వాటా తగ్గదని ముందే చెప్పండి. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్ నోటీస్ బోర్డుకు మాత్రమే కాదు, ల్యాబ్‌కి కూడా రావాలి.

రాత్రి పది తర్వాత ఒక్కరే ఉండే పద్ధతి మానండి. ఎచ్చెర్ల వైపు హైవే మీద రాత్రి ఆటో దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే. పెరిగే వేగం లెక్క కోసం రాత్రంతా గంటగంటకీ రీడింగ్ తీయాల్సి వస్తే ఇద్దరిని పెట్టండి. లేదా ప్రయోగం ఉదయం మొదలయ్యేలా పూర్వ కల్చర్ సమయం మార్చండి. సాధారణంగా అది సాధ్యమే, ఎవరూ ఆలోచించరంతే.

5. ఊళ్లోకి వెళ్లేటప్పుడు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లకు శాంపిళ్ల కోసం వచ్చినవాళ్లు ఎందరో. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎవరింటికి వెళ్లినా 'ఇదివరకు కూడా పట్టుకెళ్లారు, ఏం తేలిందో చెప్పలేదు' అనే మాట వినిపించే అవకాశం ఉంది. ఆ మాట రాకుండా చూసుకోవడం మీ పని.

సమ్మతి ఫారంలో వాక్యాలు చిన్నవిగా, వాళ్లు మాట్లాడేవిగా ఉండాలి. ఉదాహరణకి నీళ్ల పరీక్షకు ఇంత చాలు:

'అమ్మా, మేం ఫలానా కాలేజీ నుంచి వచ్చాం. మీ నుయ్యి నీళ్లు రెండు సీసాలు పట్టుకెళ్లి, విరేచనాలు తెచ్చే క్రిములున్నాయేమో చూస్తాం. ఇవ్వకపోయినా పర్వాలేదు, మీ పింఛనుకీ రేషనుకీ దీనికీ సంబంధం లేదు. ఏం తేలిందో పది రోజుల్లో కాగితం మీద రాసి తెచ్చిస్తాం. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఈ పరీక్షలో తేలదు.'

చివరి వాక్యం తీసేయాలని అనిపిస్తుంది, తీయకండి. ఆ ఊళ్లో నీళ్ల సీసా పట్టుకున్న ఎవరినైనా కిడ్నీ జబ్బు కోసమే వచ్చారనుకుంటారు. ఆ ఆశ మీద శాంపిల్ తీసుకోవడం మోసం.

చదవలేనివాళ్లకు చదివి వినిపించి, మన బృందంలో లేని ఒక సాక్షి ముందు వేలిముద్ర తీసుకోండి. సీతంపేట ఏజెన్సీలో సవర మాట్లాడే ఊరైతే సవర తెలిసిన మనిషిని, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లయితే ఒడియా వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి. సర్పంచ్ సరే అన్నంత మాత్రాన ఇంటివాళ్లు సరే అన్నట్టు కాదు.

శాంపిల్ తీసే విధం కూడా నైతికతలో భాగమే. తప్పుగా తీసిన శాంపిల్‌తో వచ్చిన ఫలితం వాళ్లకి అబద్ధం చెబుతుంది. కుళాయి అయితే తుడిచి, మూతిని మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి పట్టాలి. బోరింగు అయితే ముందు కాసేపు కొట్టి వదలాలి. స్టెరిలైజ్ చేసిన సీసాలో పైన కొంచెం ఖాళీ ఉంచి పట్టండి, కలపడానికి కావాలి. క్లోరిన్ వేసిన నీళ్లయితే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి. లేకపోతే దారిలో క్లోరిన్ క్రిముల్ని చంపుతూ పోతుంది, ల్యాబ్‌లో 'శుభ్రం' అని వస్తుంది. ఐస్ బాక్స్‌లో పెట్టి ఆరు గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టండి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికే రెండు గంటల పైన పడుతుంది కాబట్టి చివరి ఊరికి మధ్యాహ్నంలోపే వెళ్లాలి.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ. నీటిలో ఈ.కోలై అసలు కనిపించకూడదు. కనిపిస్తే ఆ కాగితం మీద అంకెలు కాకుండా ఏం చేయాలో రాయండి: బాగా మరిగించి తాగండి, నుయ్యిలో బ్లీచింగ్ వేస్తే 1000 లీటర్లకు 2.5 గ్రాముల లెక్క, గంట ఆగాక వాడుకోండి. నూతిలో నీళ్లు ఎన్ని లీటర్లో వాళ్లకి మీరే లెక్కేసి ఇవ్వండి. వ్యాసం రెండు మీటర్లు, నీటి లోతు మూడు మీటర్లయితే 3.14 ని 4 తో, 3 తో గుణించి 4 తో భాగిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే సుమారు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాముల బ్లీచింగ్. అయితే బ్లీచింగ్ పాతదైతే క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, ఈ లెక్క పనిచేయదు.

కలరా క్రిమి లాంటిది దొరికితే పేపర్ కోసం దాచుకోకండి. అదే రోజు జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు, అంటే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి చెప్పాలి. ప్రచురణ తర్వాత సంగతి.

6. నోట్‌బుక్, అంకెలు

బైండు పుస్తకం, ముందే అచ్చైన పేజీ నంబర్లు, చెరగని సిరా. తప్పు రాస్తే ఒక గీత గీసి పక్కన తేదీ, పొట్టి సంతకం, వైట్‌నర్ నిషేధం. చిన్న కాగితం మీద రాసుకుని తర్వాత 'ఫెయిర్' చేయడం మన చదువుల్లో బాగా అలవాటు. రికార్డుకి అది బాగుంటుంది కానీ, రీసెర్చ్‌కి ఆ చిన్న కాగితమే అసలు సాక్ష్యం. దాన్నే నోట్‌బుక్‌లో అంటించి సంతకం చేయండి.

అంకెల దగ్గర ఒక ఉదాహరణ. లక్ష రెట్లు పలచన చేసిన శాంపిల్ 0.1 మి.లీ. చొప్పున మూడు ప్లేట్ల మీద పరిచారు. వచ్చినవి 212, 198, 47. మూడూ కలిపితే సగటు 152, మి.లీ.కి సుమారు 15 కోట్ల 20 లక్షల క్రిములు. 47 తీసేస్తే సగటు 205, అంటే 20 కోట్ల 50 లక్షలు. ఏది వేయాలి? జవాబు ఆ రోజు దొరకదు, నెల ముందే నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి: లెక్కకు 30 నుంచి 300 మధ్య ప్లేట్లే తీసుకుంటాం, ప్లేటు తడిసి కాలనీలు కలిసిపోతేనో, పిపెట్ బల్బు లీకైనట్టు ఆ క్షణమే రాసి ఉంటేనో తప్ప ప్లేటు తీసేయం, తీసేసిన ప్లేటు సంఖ్య, కారణం పేపర్‌లో చెబుతాం. ఈ నియమం ప్రకారం 47 పరిధిలోనే ఉంది కాబట్టి ఉంటుంది. మీకు నచ్చకపోతే ప్రయోగం మొత్తం మళ్లీ చేయండి, ఆ ఒక్క ప్లేటు కాదు. ఒక్క ప్లేటే మళ్లీ వేసి అనుకున్న సంఖ్య వచ్చేవరకు ఆగడం డేటా తయారుచేయడమే.

యాంటీబయాటిక్ డిస్క్ పరీక్షలో పొదుపు పేరుతో మోసం జరుగుతుంది. ముల్లర్ హింటన్ అగర్ 4 మి.మీ. మందం ఉండాలి, 90 మి.మీ. ప్లేటుకి అది సుమారు 25 మి.లీ. పదిహేను పోసి సరిపెడితే అగర్ పలచనై వలయం పెద్దగా వస్తుంది, నిరోధక క్రిమి లొంగిపోయినట్టు కనిపిస్తుంది. క్రిమి ద్రావణం ఎంత చిక్కగా ఉందో 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రామాణిక మబ్బుతో సరిపోల్చి 15 నిమిషాల్లోపు పూయాలి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచాలి. ప్రతి బ్యాచ్‌తో ఈ.కోలై ఏటీసీసీ 25922 లాంటి ప్రామాణిక క్రిమిని కూడా పెట్టండి. దాని వలయం నిర్ణీత పరిధి దాటితే ఆ రోజు రీడింగులు ఏవీ వాడకూడదు, మీకు నచ్చినవి కూడా. తేదీ దాటిన డిస్కులతో వచ్చిన 'నిరోధకత' ఎక్కడో ఒక డాక్టరు మందు మార్చడానికి కారణం కావచ్చు.

జెల్ ఫోటోల్లో వెలుగు పెంచాలంటే మొత్తం చిత్రానికి పెంచండి, ఒక్క బ్యాండుకి కాదు. వేరే జెల్ నుంచి వరస తెచ్చి అతికిస్తే మధ్యలో గీత పెట్టి చెప్పండి. కత్తిరించని అసలు ఫోటో కంప్యూటర్‌లోనూ, బయటి డ్రైవ్‌లోనూ ఐదేళ్లు ఉండాలి.

7. పేర్ల వరస

ప్రాజెక్టు మొదలైన మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాయండి: ఏ పేపర్, ఎవరు ఏం చేస్తారు, మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది. ఆరు నెలలకోసారి తిరగరాసి తేదీ వేయండి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు షరతులు వాడండి: ఆలోచనలోనో డేటాలోనో ముఖ్యమైన పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలు ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, ప్రశ్న వస్తే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే పేరు.

హెచ్ఓడీ గారి పేరు ఎందుకు పెట్టాలని పిల్లలు అడగలేరు, కాబట్టి అడిగేది మీరే. సమాధానం ఆ నాలుగింట్లో లేకపోతే కృతజ్ఞతల్లో రాయండి, అది కూడా గౌరవమే. ఎంఎస్సీ విద్యార్థి నాలుగు నెలలు చేసిన పని మీద మొదటి పేరు పీహెచ్‌డీ విద్యార్థికి పెట్టే అలవాటు మాత్రం పచ్చి దోపిడీ.

యూజీసీ 2018 నిబంధనల్లో థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల పోలికనే. వేరే ఊరి ప్రాజెక్టు సెంటర్‌లో కొన్న రెడీమేడ్ ఫలితాలను అది పట్టదు. రెండు ప్రశ్నలు పట్టిస్తాయి: 'నువ్వు వాడిన మీడియా ఏ బ్యాచ్? ఆటోక్లేవ్ రిజిస్టర్లో ఆ రోజు వరస చూపించు.' అందుకే మూడో అంశంలో చెప్పిన రిజిస్టర్ అంత అక్కర.

8. డబ్బు ఇచ్చేవాళ్లు, రొయ్యల రైతులు

ఫార్మా కంపెనీ నీళ్లు పరీక్షించి ఇమ్మని డబ్బు ఇస్తే ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి: ఫలితం ఏదొచ్చినా ప్రచురించే, చెప్పే హక్కు ల్యాబ్‌ది. పైడిభీమవరం వైపు పని చేసేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యేదే. ఈ వాక్యం ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదులుకోండి.

రొయ్యల రైతు సంగతి ఇంకా చిక్కు. గార, సంతబొమ్మాళి, పూసపాటిరేగ తీరంలో చెరువులో రొయ్యలు చస్తే సీసాతో మీ దగ్గరికి వస్తాడు. తెల్లమచ్చ వైరస్ ఉందని తేలితే, అదే కాలవ నీరు తోడుకునే పక్క చెరువుల వాళ్లకి చెప్పాలా? చెబితే ఆ రైతు సరుకు ఎవరూ కొనరు, చెప్పకపోతే పక్కవాళ్లు మునుగుతారు. పరీక్షకు ముందే అతనితో చెప్పండి: 'పేరు బయటపెట్టం, కానీ ఈ కాలవ మీద జబ్బు ఉందన్న మాట ఫిషరీస్ ఆఫీసుకి చెబుతాం, మీ చెరువు నీళ్లు కాలవలోకి వదలొద్దు. ఇష్టమైతేనే ఇవ్వండి.' సరే అంటే సంతకం తీసుకోండి. 'ఏ యాంటీబయాటిక్ వేయమంటారు' అని రైతు అడిగితే, క్రిమి తేలిన ఆనందంలో జవాబు చెప్పకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి రొయ్యల సాగులో నిషేధం. వైరస్‌కి యాంటీబయాటిక్ ఎటూ పనిచేయదు.

9. కల్చర్లు: తుఫాను, వీడ్కోలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. రెండూ అక్టోబర్‌లోనే, రెండోది పలాస దగ్గర తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు ఉండదు. కాబట్టి సెప్టెంబర్ చివరివారం ఏటా ఒక పని: ముఖ్యమైన క్రిములకు మూడు ప్రతులు. ఒకటి 20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80లో. రెండోది మినరల్ ఆయిల్ పోసిన అగర్ స్లాంటు (ఏటవాలుగా అగర్ గడ్డకట్టించిన గొట్టం), గది ఉష్ణోగ్రతలో. మూడోది ఎత్తున ఉన్న మరో ఊరి ల్యాబ్‌లో, ఇచ్చిపుచ్చుకునే ఒప్పందంతో. అపురూపమైనది ఏదైనా ఉంటే చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల కల్చర్ల నిల్వ కేంద్రం ఎంటీసీసీలోనో, పుణెలోని జాతీయ సూక్ష్మజీవుల వనరుల కేంద్రంలోనో జమ చేయండి. ఫ్రీజర్ ఖాళీ అరల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టండి. కరెంటు పోయాక తలుపు తెరిచి చూసే ఆత్రం వద్దు. కరగనిదానికీ కరిగి మళ్లీ గడ్డకట్టినదానికీ తేడా తెలియాలంటే, చిన్న సీసాలో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టండి. నాణెం అడుగున దొరికితే కరిగిందనే.

ఎవరైనా థీసిస్ ఇచ్చి వెళ్లేటప్పుడు రెండు వారాల ముందే అప్పగింత మొదలవ్వాలి. ప్రతి వయల్ మీద క్రిమి పేరు, సేకరించిన చోటు, తేదీ, ఎన్నోసారి పెంచినది ఉండాలి. 'ఎస్‌కె-3 కొత్తది' అని మార్కర్‌తో రాసినది ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు. మరొక విద్యార్థి ఆ జాబితా పట్టుకుని ఏవైనా ఐదు వయల్స్ తీసి, పెంచి, గ్రామ్ స్టెయిన్ చూసి సరిపోయాయని రాయాలి. నోట్‌బుక్కులు ల్యాబ్‌లో ఉంటాయి, విద్యార్థి ఫోటోకాపీలు తీసుకెళ్లొచ్చు. సమ్మతి ఫారాలు మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్లకూడదు, తాళం వేసిన బీరువాలోనే ఉండాలి. ఆ ఐదు వయల్స్ పెరిగినట్టు సంతకం పడ్డాకే నో డ్యూస్ ఫారం మీద మీరు సంతకం చేయండి.